వాడుకరి అనుభవ రూపకల్పన - ముఖ్య పదాలు, భావనలు

వాడుకరి అనుభవ రూపకల్పన అనేది ఒక వస్తువును, యంత్రాన్ని, సాఫ్టువేరును లేదా సేవను వాడే మనిషికి కలిగే అనుభవాన్ని ముందుగా ఆలోచించి, దానికి తగినట్లు ఆ వస్తువును తీర్చిదిద్దే విద్య. ఆంగ్లంలో దీనిని యూజర్ ఎక్స్‌పీరియెన్స్ డిజైన్ అంటారు. క్లుప్తంగా యూఎక్స్ అని వ్యవహరిస్తారు. కంప్యూటర్లు, మొబైల్ ఫోన్ల వలన ఈ పేరు ప్రచారంలోకి వచ్చినప్పటికీ దీని పరిధి తెరతో ముగియదు. రైల్వే స్టేషను పేరు, రేవులో ఎగురవేసే తుఫాను సూచిక, భూమి పత్రంలోని భాష, వేలిముద్ర తీసుకునే యంత్రం - ఇవన్నీ దీని పరిధిలోకే వస్తాయి.

ఈ విద్యకు మూలసూత్రం ఒకటి ఉంది. ఒక వస్తువును వాడడంలో పలువురు ఒకే చోట తడబడుతూ ఉంటే, లోపాన్ని మొదట ఆ వస్తువులో వెదకాలి కానీ మనుషులలో కాదు. ఈ రంగంలోని ముఖ్యమైన పదాలు, భావనలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. ఉదాహరణలు చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు చెందినవి.

చరిత్ర

మనిషికి తగినట్లు యంత్రాన్ని మలచాలన్న ఆలోచన రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బలపడింది. అమెరికా బి-17 బాంబరు విమానాలలో పైలట్లు నేలకు దిగిన తరువాత రెక్కల పలకలను కదిలించబోయి, పొరపాటున చక్రాలను ముడిచే మీటను నొక్కేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతిని పరిశీలించి, రెండు మీటలూ ఒకే విధంగా, పక్కపక్కనే ఉండడమే కారణమని గుర్తించాడు. ఒక మీటకు చక్రం ఆకారం, మరొకదానికి రెక్క పలక ఆకారం ఇవ్వడంతో చేతి స్పర్శతోనే తేడా తెలిసింది. పైలట్లకు కొత్తగా శిక్షణ ఇవ్వకుండానే సమస్య తీరింది.

డోనాల్డ్ నార్మన్ 1988లో నిత్యజీవిత వస్తువుల మనస్తత్వ శాస్త్రంపై ఒక పుస్తకం ప్రచురించాడు. తలుపులు, పొయ్యిలు, టెలిఫోన్ల ఉదాహరణలతో రాసిన ఆ పుస్తకం ఈ రంగానికి పాఠ్యగ్రంథం వంటిదైంది. 1993లో అతడు ఆపిల్ సంస్థలో చేరి, తన ఉద్యోగం పేరులో "యూజర్ ఎక్స్‌పీరియెన్స్" అనే మాటను చేర్చుకున్నాడు. ఆ తరువాత ఈ మాట వ్యాప్తిలోకి వచ్చింది.

ప్రాథమిక పదాలు

వాడుకరి: వస్తువును వాడే మనిషి. వస్తువును కొన్నవారు, తయారు చేయించినవారు వేరు కావచ్చు. ప్రభుత్వ కార్యాలయం కోసం చేసిన సాఫ్టువేరుకు డబ్బు చెల్లించేది శాఖ, దానిని నడిపేది గుమాస్తా, ఫలితం అనుభవించేది రైతు. ఈ ముగ్గురి అవసరాలు ఒకటి కావు.

ఇంటర్‌ఫేస్: మనిషికీ వస్తువుకూ మధ్య సంపర్కం జరిగే భాగం. బావికి గిలక, చేద ఇంటర్‌ఫేస్ అనుకోవచ్చు. నీళ్ళు ఎంత లోతున ఉన్నా తోడే మనిషికి తెలిసేది గిలకే. ఇంటర్‌ఫేస్ రూపకల్పన, అనుభవ రూపకల్పన ఒకటి కాదు. గిలక ఎంత నున్నగా తిరిగినా, బావి ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉంటే అనుభవం బాగుండదు.

వాడుక సౌలభ్యం: ఆంగ్లంలో యూజబిలిటీ. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 9241-11 అనే ప్రమాణంలో దీనిని నిర్వచించింది. 1998లో వెలువడిన ఈ ప్రమాణాన్ని 2018లో సవరించారు. దీని ప్రకారం సౌలభ్యానికి మూడు కొలతలున్నాయి. అనుకున్న పని పూర్తయిందా అన్నది ఫలసాధకత. ఎంత సమయం, శ్రమ పట్టిందన్నది దక్షత. వాడినవారికి ఎలా అనిపించిందన్నది సంతృప్తి. నిర్దిష్టమైన వాడుకరులు, నిర్దిష్టమైన పని, నిర్దిష్టమైన పరిస్థితి ఈ మూడింటినీ చెప్పకుండా "ఇది వాడడానికి సులభం" అనడానికి అర్థం లేదు.

అఫర్డెన్స్: ఒక వస్తువు ఒక ప్రాణికి ఇచ్చే వినియోగ అవకాశం. ఈ పదాన్ని సృష్టించినవాడు జేమ్స్ గిబ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. అరుగు కూర్చోవడానికి, గొళ్ళెం లాగడానికి అవకాశమిస్తాయి.

సూచకం: ఆ అవకాశం ఉన్నదని తెలియజేసే గుర్తు. గుడి హుండీకి పైన ఉండే సన్నని చీలిక మంచి సూచకం. కానుక ఎక్కడ వేయాలో చెప్పకనే చెబుతుంది. చేయి లోపలికి పోనివ్వని ఆ ఇరుకుదనమే నిర్బంధం అనే మరొక భావనకు ఉదాహరణ. చేయదగిన పనిని చూపడం సూచకం పని, చేయకూడని పనిని కుదరనీయకపోవడం నిర్బంధం పని.

అన్వయం: మీటకూ, అది నడిపే వస్తువుకూ మధ్య ఉండే పొంతన. గదిలో నాలుగు దీపాలు వరుసగా ఉండి, స్విచ్చులు కూడా అదే వరుసలో ఉంటే అన్వయం సహజంగా ఉన్నట్లు.

ప్రతిస్పందన: చేసిన పనికి వస్తువు ఇచ్చే సమాధానం. యూపీఐ ద్వారా డబ్బు పంపినపుడు దుకాణంలోని చిన్న పెట్టె తెలుగులో ఎంత మొత్తం ముట్టిందో పైకి చెప్పడం దీనికి నేటి ఉదాహరణ. అమ్మేవారు చేతిపని ఆపి ఫోను చూడనవసరం లేదు. ప్రతిస్పందన లేకపోతే జనం అదే మీటను మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. ఒకే దరఖాస్తు రెండుసార్లు దాఖలు కావడానికి కారణం తరచు ఇదే.

మానసిక నమూనా

ఒక వ్యవస్థ ఎలా పనిచేస్తుందో వాడుకరి మనసులో ఉండే ఊహను మానసిక నమూనా అంటారు. వ్యవస్థను నిర్మించినవారి ఊహ, వాడేవారి ఊహ కలవకపోతే ఇబ్బంది మొదలవుతుంది.

దీనికి శ్రీకాకుళం రోడ్డు రైల్వే స్టేషను చక్కని ఉదాహరణ. ఈ స్టేషను శ్రీకాకుళం పట్టణంలో లేదు. సుమారు 13 కిలోమీటర్ల దూరంలోని ఆమదాలవలసలో ఉంది. రైల్వేవారి సంప్రదాయంలో పేరు చివర "రోడ్డు" అని ఉంటే, ఆ పట్టణానికి వెళ్ళే దారిలో దిగవలసిన స్టేషను అని అర్థం. రైల్వే ఉద్యోగికి ఈ పేరులో దోషం కనిపించదు. కానీ మొదటిసారి వచ్చే ప్రయాణికుడు పట్టణం నడిబొడ్డున దిగుతానని ఊహించుకుంటాడు. అర్ధరాత్రి దిగిన తరువాత బస్సో ఆటోనో చూసుకోవలసి వస్తుందని పేరు అతడికి చెప్పదు.

ఈ స్టేషను కోడ్ సంగతి మరింత ఆసక్తికరం. బ్రిటిషువారు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని పిలిచిన కాలం నాటి సి, హెచ్, ఇ అనే మూడు ఆంగ్లాక్షరాలే నేటికీ దాని కోడ్. ఇవి చూసిన కొత్తవారికి చెన్నై స్ఫురిస్తుంది. చెన్నై సెంట్రల్ కోడ్ మాత్రం మద్రాసు పేరు నాటి ఎం, ఏ, ఎస్. పేరు మారినా వ్యవస్థ లోపలి గుర్తులు మారకపోవడం సాఫ్టువేరులో కూడా సర్వసాధారణం. ఇటువంటి లోపలి గుర్తులను వాడుకరికి చూపకుండా, అతడికి తెలిసిన పేరునే చూపడం ఉత్తమం.

సమాచార నిర్మాణం, దారి గుర్తింపు

సమాచారాన్ని వర్గాలుగా విభజించి, వాటికి పేర్లు పెట్టి, వెదికేవారికి దొరికేలా అమర్చడాన్ని సమాచార నిర్మాణం అంటారు. దీనికి దగ్గరి బంధువు దారి గుర్తింపు. కెవిన్ లించ్ 1960లో ప్రచురించిన నగర స్వరూప అధ్యయనంలో, మనుషులు ఊరిని ఐదు అంశాలతో గుర్తు పెట్టుకుంటారని చెప్పాడు. అవి దారులు, అంచులు, పేటలు, కూడళ్ళు, ఆనవాళ్ళు.

విజయనగరంలో దారి అడిగితే కోట, గంటస్తంభం, మూడు లాంతర్లు అనే ఆనవాళ్ళతోనే సమాధానం వస్తుంది. మూడు లాంతర్ల పాత కట్టడాన్ని 2020లో తొలగించినా కూడలి పేరు జనం నోట నిలిచే ఉంది. వీధి పేరు, ఇంటి సంఖ్య మాత్రమే అడిగే చిరునామా పత్రం ఇటువంటి ఊరిలో తడబడుతుంది. "దగ్గరలోని గుర్తు" అనే గడిని చేర్చిన పత్రం ఊరివారి ఆలోచనా విధానాన్ని గౌరవించినట్లు.

మానసిక భారం

ఒక పని చేసేటపుడు మనసు మోయవలసిన బరువును మానసిక భారం అంటారు. దీనికి సంబంధించి మూడు ప్రసిద్ధ ఫలితాలున్నాయి.

1952లో విలియం హిక్ చేసిన పరిశోధన ప్రకారం, ఎంపికల సంఖ్య పెరిగిన కొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుంది. 1954లో పాల్ ఫిట్స్ ప్రతిపాదించిన నియమం ప్రకారం, గురి చేరడానికి పట్టే సమయం దాని దూరం, పరిమాణాలపై ఆధారపడి ఉంటుంది. దూరంగా ఉన్న చిన్న మీట కన్నా దగ్గరలో ఉన్న పెద్ద మీటను త్వరగా నొక్కవచ్చు. 1956లో జార్జ్ మిల్లర్ తాత్కాలిక జ్ఞాపకంలో ఏడు అంశాల వరకు, రెండు అటూ ఇటూగా, నిలుస్తాయని రాశాడు. తరువాతి పరిశోధకులు ఈ సంఖ్యను నాలుగు వరకు తగ్గించారు.

అంశాలను గుంపులుగా చేస్తే ఈ పరిమితిని దాటవచ్చు. ఆధార్ సంఖ్యలోని 12 అంకెలను నాలుగేసి చొప్పున మూడు గుంపులుగా ముద్రించడం, పది అంకెల ఫోను సంఖ్యను ఐదేసి అంకెలుగా చెప్పుకోవడం ఇందుకు ఉదాహరణలు. ఎక్కాలను లయబద్ధంగా వల్లె వేయించిన బడిపంతుళ్ళకు ఈ సంగతి ముందే తెలుసు.

వాడుకరి భాష

జాకబ్ నీల్సన్ 1994లో రూపొందించిన పది సూత్రాలలో రెండవది, వ్యవస్థ వాడుకరి ప్రపంచానికి చెందిన మాటలలోనే మాట్లాడాలి అన్నది. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి అనే భూరికార్డుల వెబ్‌సైటు ప్రారంభమైంది. అందులో అడంగల్, 1-బి అనే పేర్లనే ఉంచారు. ఇవి స్వచ్ఛమైన తెలుగు మాటలు కావు. అయినా రైతులకు తరతరాలుగా తెలిసినవి ఇవే. వీటి స్థానంలో కొత్తగా సంస్కృత సమాసాలు కూర్చి పెడితే పండితులకు ముచ్చటగా ఉండవచ్చు కానీ రైతుకు తన పత్రం దొరకదు.

ఈ వాదన ఈ ప్రాంతానికి కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో 1863 ఆగష్టు 29న జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. విద్యార్థులు తమకు అర్థం కాని గ్రాంథిక భాషలో చదవలేక, రాయలేక ఇబ్బంది పడడాన్ని గమనించాడు. విద్యార్థులకు తెలివి చాలదని అతడు అనుకోలేదు. పుస్తకాలలోని భాషే మారాలన్నాడు. పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ.యేట్స్, విజయనగరంలో నివసించిన గురజాడ అప్పారావు, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షుడు పి.టి.శ్రీనివాస అయ్యంగార్ ఈ ఉద్యమంలో అతడికి తోడుగా నిలిచారు. గిడుగు జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

వాడుకరి పరిశోధన అనే భావనకు కూడా గిడుగు జీవితంలో ఉదాహరణ ఉంది. సవరలకు చదువు చెప్పాలనుకున్నపుడు అతడు ముందుగా వారి భాషను నేర్చుకున్నాడు. దానికి తెలుగు లిపిని వాడి పుస్తకాలు సిద్ధం చేశాడు, పాఠశాలలు నడిపాడు. సవర భాషపై అతని ఆంగ్ల వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. వాడేవారి దగ్గరకు వెళ్ళి, వారి మాట విని, ఆ తరువాతే వస్తువును తయారు చేయడం - నేటి పరిభాషలో దీనినే క్షేత్ర పరిశీలన అంటారు.

సంకేతాలు: తుఫాను సూచికల ఉదాహరణ

ఒకే సంకేతాన్ని ఇద్దరు వేరువేరు వాడుకరులు వేరువేరుగా అర్థం చేసుకోవచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినపుడు కళింగపట్నం, భీమునిపట్నం వంటి రేవులలో సంఖ్యల సూచికలు ఎగురవేస్తారు. పగటివేళ శంకువు, స్తూపం ఆకారాలు, రాత్రివేళ ఎరుపు, తెలుపు దీపాలు వాడతారు. వీటి అర్థాలు ఇవి:

* 1, 2: దూరంగా సముద్రంలో వాయుగుండం లేదా తుఫాను ఉంది. రేవుకు ప్రస్తుతం ముప్పు లేదు. బయలుదేరే ఓడలు జాగ్రత్త వహించాలి.
* 3, 4: రేవు వద్ద ఈదురుగాలులు లేదా తుఫాను రావచ్చు. ఇవి స్థానిక హెచ్చరికలు.
* 5, 6, 7: తుఫాను ప్రమాదం ఉంది. రేవు తుఫాను మార్గానికి ఎడమ వైపున ఉంటే 5, కుడి వైపున ఉంటే 6, తుఫాను రేవు మీదుగా లేదా సమీపంగా దాటేటట్లుంటే 7.
* 8, 9, 10: తీవ్ర తుఫాను వలన మహాప్రమాదం ఉంది. పై వరుసలోనే ఎడమ, కుడి, మీదుగా అని అర్థం.
* 11: తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి.

ఓడ నడిపేవారికి ఈ పద్ధతి ఎంతో ఉపయోగకరం. తుఫాను ఏ వైపు నుంచి వెళుతుందో తెలిస్తే గాలి దిశ తెలుస్తుంది. కానీ పత్రికలు, టీవీలు ఏ సంఖ్యనైనా "ప్రమాద హెచ్చరిక" అనే ప్రకటించడం పరిపాటి. 3 నుంచి 4కు, 7 నుంచి 8కి పెరగడంలో తీవ్రత ఉంది. 5 నుంచి 6కు మారడంలో తీవ్రత లేదు, దిశ మాత్రమే ఉంది. తీరంలోని సామాన్య పాఠకుడు మాత్రం సంఖ్య పెరిగితే ముప్పు పెరిగిందనుకుంటాడు. అతడి మానసిక నమూనా పరీక్షలో మార్కుల వంటిది. సంకేతం తప్పు కాదు, పాఠకుడూ తప్పు కాదు. ఓడల కోసం చేసిన సంకేతాన్ని మరొక వాడుకరికి వివరణ లేకుండా అందించడమే లోపం.

భారత వాతావరణ శాఖ సామాన్య ప్రజల కోసం రంగుల హెచ్చరికలు ఇస్తుంది. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలి. ఇక్కడ వరుస తీవ్రతను బట్టే ఉంది, ప్రతి రంగుకూ చేయవలసిన పని ఉంది. అయితే ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని వర్ణాంధులు ఉంటారు కనుక రంగుతో పాటు మాటను కూడా ఇవ్వాలి.

తప్పిదం

రూపకల్పనలో తప్పిదాలను రెండు రకాలుగా చూస్తారు. చేయదలచినది సరైనదే అయినా చేయి జారడం ఒకటి. తప్పు అవగాహనతో తప్పు పనినే ఉద్దేశపూర్వకంగా చేయడం రెండవది. మొదటిదానికి మీటల అమరిక మార్చాలి. రెండవదానికి సమాచారం మెరుగుపరచాలి. "మీరు జాగ్రత్తగా ఉండాలి" అనే ప్రకటన రెండింటికీ మందు కాదు.

చాలా ఏటీఎంలలో కార్డు తీసుకున్న తరువాతే నోట్లు బయటకు వస్తాయి. డబ్బు చేతికి అందగానే పని అయిపోయిందని మనసు భావిస్తుంది, కార్డు మరచిపోతుంది. వరుస మార్చడం ద్వారా ఆ మరపును నివారించారు. ఇటువంటి అమరికను బలవంతపు క్రమం అంటారు. చేసిన పనిని వెనక్కి తీసుకునే వీలు, చెరిపివేసే ముందు నిర్ధారణ అడగడం ఇటువంటి ఇతర ఉపాయాలు.

ప్రాణాలతో ముడిపడిన చోట ఈ భావన ఎంత ముఖ్యమో ఈ ప్రాంతం చూసింది. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖపట్నం-పలాస ప్యాసింజరు రైలును వెనుక నుంచి విశాఖపట్నం-రాయగడ ప్యాసింజరు ఢీకొన్నది. 14 మంది మరణించారు. సిగ్నలును దాటి రావడమనే మానవ తప్పిదం కారణమై ఉండవచ్చని రైల్వే అధికారులు తొలుత ప్రకటించారు. సిగ్నలు దాటిన రైలును తనంతట తానే ఆపే కవచ్ వ్యవస్థ అప్పటికి ఆ మార్గంలో లేదు. ఈ రంగపు దృష్టిలో "మానవ తప్పిదం" అనే మాట విచారణకు ముగింపు కాదు, ఆరంభం. అలసిన మనిషి, చీకటిలో ఉన్న మనిషి తప్పు చేయగలడన్నది ముందే తెలిసిన విషయం. ఆ తప్పు ప్రమాదంగా మారకుండా తరువాతి అడ్డుగోడ ఏది అన్నదే ప్రశ్న. జేమ్స్ రీజన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ అడ్డుగోడలను రంధ్రాలున్న జున్ను పలకలతో పోల్చాడు. అన్ని పలకల రంధ్రాలు ఒకే వరుసలోకి వచ్చినపుడే ప్రమాదం జరుగుతుంది.

అందుబాటు

చూపు, వినికిడి, కదలిక, గ్రహణశక్తులలో తేడాలున్నవారు కూడా వాడగలిగేటట్లు చేయడాన్ని అందుబాటు అంటారు. వెబ్ అందుబాటుకు అంతర్జాతీయ మార్గదర్శకాలు 1999లో మొదట వెలువడ్డాయి. వాటి 2.2 కూర్పు 2023లో వచ్చింది. సమాచారం గ్రహించగలిగేదిగా, నడపగలిగేదిగా, అర్థమయ్యేదిగా, దృఢంగా ఉండాలన్నవి వీటి నాలుగు మూలస్తంభాలు. ఉదాహరణకు మామూలు పరిమాణపు అక్షరాలకు, వాటి వెనుక రంగుకు మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి.

అందుబాటు సమస్య వైకల్యం ఉన్నవారికే పరిమితం కాదు. శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి. జీడిగింజ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. పెంకు ఒలిచే పని చేసేవారి వేళ్ళకు ఇది పెద్ద బెడద. వయసు మీరినవారి, చేతిపని చేసేవారి వేలిముద్రలు అరిగిపోతాయి. వేలిముద్రే ఏకైక తాళంచెవి అయితే, ఎవరి చేతులు ఎక్కువ శ్రమించాయో వారికే తలుపు తెరుచుకోదు. అందుకే ఆధార్ ధ్రువీకరణకు వేలిముద్రతో పాటు కనుపాప, ముఖం, ఫోనుకు వచ్చే ఒకసారి సంకేతం అనే మార్గాలు కూడా ఉన్నాయి. ఈ ప్రత్యామ్నాయాలు నియమాలలో ఉంటే చాలదు, కౌంటరు వద్ద అందాలి.

భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం డిజిటల్ సేవల అందుబాటును కూడా నిర్దేశించింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీం కోర్టు మరొక అడుగు ముందుకు వేసింది. బ్యాంకు గుర్తింపు ప్రక్రియలో కన్ను ఆర్పి చూపమని కోరడం యాసిడ్ దాడి బాధితులకు, చూపు లేనివారికి అడ్డంకి అన్న కేసులో, డిజిటల్ అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రకారం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. దీనితో రూపకల్పన దోషం హక్కుల ప్రశ్నగా మారింది.

స్థానికీకరణ

ఒక భాష కోసం చేసిన ఇంటర్‌ఫేస్‌ను మరొక భాషకు, సంస్కృతికి తగినట్లు మార్చడమే స్థానికీకరణ. ఇది అనువాదం కన్నా విస్తృతమైనది. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఆంగ్లానికి సరిపోయే వరుసల మధ్య ఖాళీలో తెలుగును ఇరికిస్తే పై వరుస ఒత్తులు, కింది వరుస గుడులు ఒకదానినొకటి తాకుతాయి. ఆంగ్లంలో నాలుగు అక్షరాల "సేవ్" మీట "భద్రపరచు" అయినపుడు వెడల్పు చాలదు.

కీబోర్డుల విషయంలో నేర్వడానికి సౌలభ్యం, దక్షత అనే రెండు లక్షణాల మధ్య పోటీ కనిపిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ప్రధానంగా కుడి చేతికి వస్తాయి. నేర్చుకోవడానికి సమయం పడుతుంది, నేర్చిన తరువాత వేగం వస్తుంది. లేఖిని వంటి పరికరాలలో ఆంగ్ల అక్షరాలతో తెలుగు ఉచ్చారణను టైపు చేస్తే తెలుగు లిపి వస్తుంది. ఆంగ్ల కీబోర్డు తెలిసినవారు మొదటి రోజే రాయగలరు. అంతర్జాలంలో ఎందరో తెలుగు రాయడానికి ఇటువంటి పరికరాలు తోడ్పడ్డాయి. ఏది మంచిదన్న ప్రశ్నకు సమాధానం వాడుకరిని బట్టి మారుతుంది.

సవర భాషకు మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సోరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ 6.1 కూర్పులో చేరింది. సవరలు అధికంగా నివసించే సీతంపేట ప్రాంతం 2022లో శ్రీకాకుళం జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది. తెలుగులోకి మార్చినంత మాత్రాన ఈ ప్రాంతంలో స్థానికీకరణ పూర్తి కాదని ఇది గుర్తు చేస్తుంది.

పని విధానం

రూపకల్పన సాధారణంగా ఈ దశలలో సాగుతుంది:

* వాడుకరి పరిశోధన: వాడేవారిని వారి చోటనే కలిసి, పని చేస్తుండగా గమనించడం. ఏం కావాలని అడగడం కన్నా ఎక్కడ ఆగిపోతున్నారో చూడడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.
* ప్రతినిధి పాత్ర: పరిశోధనలో కనిపించిన లక్షణాలను కూర్చి తయారు చేసే నమూనా వ్యక్తి. ఊహించి రాసిన పాత్ర ఉపయోగపడదు.
* ప్రయాణ పటం: ఒక పని మొదటి నుంచి చివరి వరకు వాడుకరి నడిచే మెట్ల వరుస. కుల ధ్రువపత్రం కోసం వచ్చే విద్యార్థి పటం వెబ్ పేజీతో మొదలు కాదు, బడిలో పత్రం అడిగిన రోజుతో మొదలవుతుంది.
* వైర్‌ఫ్రేము: రంగులు, బొమ్మలు లేకుండా గీసే రేఖాచిత్రం.
* ప్రోటోటైపు: పరీక్ష కోసం చేసే తాత్కాలిక నమూనా. కాగితం మీద కూడా చేయవచ్చు.
* వాడుక పరీక్ష: నిజమైన వాడుకరికి ఒక పని ఇచ్చి, సాయం చేయకుండా గమనించడం. ఒక్కొక్క విడతలో ఐదుగురితో పరీక్షించినా ముఖ్యమైన లోపాలు చాలావరకు బయటపడతాయని నీల్సన్ 2000లో వాదించాడు. వాడుకరులలో భిన్న వర్గాలుంటే ఈ సంఖ్య చాలదు.
* కొలత: 1986లో జాన్ బ్రూక్ తయారు చేసిన పది ప్రశ్నల పట్టిక నేటికీ వాడుకలో ఉంది. ఫలితం 0 నుంచి 100 వరకు వస్తుంది, కానీ అది శాతం కాదు.

ఈ దశలు ఒకసారి చేసి వదిలివేసేవి కావు. పరీక్షలో బయటపడిన లోపాన్ని సరిదిద్ది మళ్ళీ పరీక్షించాలి. దీనిని పునరావృత రూపకల్పన అంటారు.

చీకటి నమూనాలు

వాడుకరి మనస్తత్వం తెలిసిన జ్ఞానాన్ని అతడికి వ్యతిరేకంగా కూడా వాడవచ్చు. కోరని వస్తువును బుట్టలో చేర్చడం, చందా రద్దు చేసే మీటను దాచడం, "కొద్ది నిమిషాలే మిగిలాయి" అని అబద్ధపు తొందర పెట్టడం వంటివాటికి హ్యారీ బ్రిగ్నల్ 2010లో చీకటి నమూనాలు అనే పేరు పెట్టాడు. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటిలో 13 రకాలను నిషేధిస్తూ మార్గదర్శకాలు జారీ చేసింది. సౌలభ్యానికి, మోసానికి వాడే సాధనాలు ఒకటే కనుక ఈ రంగంలో నైతికతకు ప్రత్యేక స్థానం ఉంది.

పరిమితులు

అనుభవ రూపకల్పన అన్ని సమస్యలనూ తీర్చలేదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారా పౌర సేవలు ప్రారంభించింది. ప్రజలకు ముందే అలవాటైన సాధనాన్ని ఎంచుకోవడం వలన కొత్తగా నేర్చుకోవలసిన భారం తగ్గుతుంది. కానీ ఫోను, చదువు, విద్యుత్తు, సిగ్నలు లేనివారికి తెర ఎంత చక్కగా ఉన్నా ఉపయోగం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినపుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలిపోయాయి, విద్యుత్తు, సమాచార వ్యవస్థలు దెబ్బతిన్నాయి. సేవ అత్యవసరమైన రోజున పరికరం మూగబోవచ్చు. అందువలన ప్రధాన మార్గం విఫలమైనపుడు ఏ మార్గం మిగులుతుందో ముందే నిర్ణయించడం కూడా రూపకల్పనలో భాగం. కాగితం దరఖాస్తు, ఊరిలో దండోరా, కౌంటరులో మాట్లాడే మనిషి ఇటువంటి మార్గాలు. వీటిని తొలగించి తెరను మాత్రమే మిగిల్చితే కొందరు సేవకు దూరమవుతారు. వారు ఎవరు, ఎందరు అని ముందుగా తెలుసుకోవడం రూపకర్త బాధ్యత.